ఈఎన్ 24 షాఫ్టు ప్రెస్సు కింద రెండు ముక్కలైంది: హార్డ్‌నెస్ 30 వచ్చాక కూడా ఎందుకిలా?

బెజవాడ_లేత్

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. కంకర క్రషర్లకు షాఫ్టులు చేసి ఇస్తాం. పదకొండేళ్లుగా ఇదే పని. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఈఎన్ 24 (నికెల్, క్రోమియం, కొంచెం మాలిబ్డినం కలిసిన స్టీలు) ఫోర్జింగులు తెప్పించి, 110 మి.మీ.కు రఫ్ టర్నింగ్ చేసి, మొత్తం 18 షాఫ్టులు హీట్ ట్రీట్‌మెంట్‌కు బయటికి పంపాం. వెనక్కి వచ్చాక హార్డ్‌నెస్ చూస్తే అన్నిటికీ 29, 30 రాక్‌వెల్ సి. మేం అడిగింది అదే. ఒకదానికి రెండు మిల్లీమీటర్ల వంకర ఉంటే హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెట్టి సరిచేయబోయాం. ప్రెజర్ ఇంకా పూర్తిగా ఎక్కనే లేదు, తుపాకీ పేలినంత చప్పుడుతో రెండు ముక్కలైంది. ముందు వంగనూ లేదు, సాగనూ లేదు.

విరిగిన ముఖం చూసి భయం వేసింది. మామూలుగా ఈ స్టీలు విరిగితే బూడిదరంగులో నారనారగా ఉంటుంది కదా. ఇది పటికబెల్లం ముక్క విరిచినట్టు పలుకు పలుకుగా ఉంది. ఎండలో తిప్పితే ఒక్కో పలుకూ విడివిడిగా మెరుస్తోంది. వర్కర్ల అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు.

మిగతా పదిహేడు అలాగే ఉన్నాయి. వాటిని పార్టీకి పంపడానికి నాకు ధైర్యం చాలడం లేదు. జాబ్ కార్డు మీద ఉన్నది: హార్డెనింగ్ 930 డిగ్రీలు, ఆయిల్ క్వెంచ్ (నూనెలో ముంచి గట్టిపరచడం), టెంపరింగ్ (పెళుసు తగ్గడానికి మళ్లీ వేడి చేయడం) 600, నాలుగు గంటలు. ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

కమాన్_కట్ట

అన్నా, క్వెంచింగ్‌లోనే పగులు పడి ఉంటుందేమో చూడు. టెంపరింగ్‌కు ముందే పడిన పగులైతే ఆ భాగం వరకు ముఖం నల్లగానో నీలంగానో ఉంటుంది, వేడికి ఆక్సైడ్ పడుతుంది కాబట్టి. లారీ కమాను పట్టీల్లో మేం ముందు చూసేది అదే. ప్లేటింగ్ లాంటిది ఏమైనా చేయించావా? హైడ్రోజన్ దూరినా ఇలాగే విరుగుతుంది.

బెజవాడ_లేత్

లేదన్నా. ముఖం అంచు నుంచి అంచుదాకా ఒకే మెరుపు, నలుపు ఎక్కడా లేదు. ప్లేటింగ్ లేదు, పిక్లింగ్ (ఆమ్లంలో ముంచి శుభ్రం చేయడం) కూడా లేదు.

నాలుగో_ఏడు

నేను మెటలర్జీ ఫైనల్ ఇయర్ స్టూడెంట్‌ని. 250 నుంచి 400 డిగ్రీల మధ్య టెంపర్ చేస్తే మార్టెన్‌సైట్ (క్వెంచింగ్‌లో ఏర్పడే గట్టి రూపం) పెళుసవుతుందని మాకు చెప్పారు. ఇది అదేనా సార్?

పాత_కొలిమి

బాబూ, నువ్వు చెప్పేది నిజమైన జబ్బే, కానీ ఈ రోగిది కాదు. ఆ పరిధిలో, ముఖ్యంగా 350 దగ్గర, మిగిలిపోయిన ఆస్టెనైట్ (హార్డెనింగ్ వేడిలో స్టీలు ఉండే రూపం) విడిపోతుంది. సిమెంటైట్ (ఇనుము, కార్బన్ కలిసిన పెళుసు పదార్థం) సన్నని పొరల్లా పేరుకుని పగులుకు దారి ఇస్తుంది. కానీ ఈఎన్ 24ను 350లో టెంపర్ చేస్తే హార్డ్‌నెస్ 48 పైన ఉంటుంది. వీళ్లకు వచ్చింది 30, అంటే 600 నిజంగానే పట్టింది. హైడ్రోజన్ సంగతి కూడా అంతే: 30 హార్డ్‌నెస్ ఉన్న స్టీల్లో అంత తేలిగ్గా ఈ పని చేయదు. చేసినా సాధారణంగా లోడు పడ్డాక గంటలో, రోజులో ఆగి విరుగుతుంది.

బెజవాడ తమ్ముడూ, నాకు ఒక్క విషయం కావాలి. టెంపరింగ్ అయ్యాక షాఫ్టుల్ని ఎలా చల్లార్చారు? జాబ్ కార్డు మీద అది రాసి ఉండదు. ఫోన్ చేసి అడగండి. అడిగేటప్పుడు తప్పు పట్టినట్టు కాకుండా మామూలుగా అడగండి, అప్పుడే నిజం చెబుతారు.

బెజవాడ_లేత్

అడిగాను మాస్టారూ. సాయంత్రం ఏడింటికి నాలుగు గంటల సోకింగ్ అయిందట. క్రేన్ మనిషి వెళ్లిపోయాడని కరెంటు ఆపి, ఫర్నేస్ మూత వేసి ఉంచేశారట. పొద్దున ఎనిమిదింటికి తీస్తే ఇంకా చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయట. "మెల్లగా చల్లారితే స్ట్రెస్ ఉండదు, మంచిదే కదా" అన్నాడు.

పాత_కొలిమి

అక్కడే దెబ్బ తగిలింది.

దీన్ని టెంపర్ ఎంబ్రిటిల్‌మెంట్ అంటారు, మనం టెంపర్ పెళుసుదనం అందాం. నికెల్-క్రోమియం స్టీళ్లు 575 నుంచి 375 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉన్నా, ఆ మధ్యలోంచి నత్తనడకన చల్లారినా, స్టీల్లో ఉన్న భాస్వరం, తగరం, ఆంటిమొనీ, ఆర్సెనిక్ అణువులు మెల్లగా కదిలి గ్రెయిన్ల (స్టీలు లోపలి స్ఫటికాల) అంచుల్లోకి చేరతాయి. ఆ గ్రెయిన్లు కూడా హార్డెనింగ్ వేడిలో ఏర్పడిన పాత ఆస్టెనైట్ గ్రెయిన్లే. గ్రెయిన్ లోపల బలం అలాగే ఉంటుంది. అంచు దగ్గర పట్టు సడలుతుంది. ఇటుకలు గట్టివే, మధ్యలో సిమెంటు బదులు మట్టి పెట్టిన గోడ అనుకోండి. పగులు ఇటుకను పగలగొట్టాల్సిన పనే లేకుండా మట్టి వెంట వెళ్లిపోతుంది. మీకు పలుకులుగా కనిపించినవి ఆ ఇటుకలే.

హార్డ్‌నెస్ టెస్టుకు ఇది అందదు. టెన్సైల్ టెస్టుకు కూడా దాదాపుగా అందదు. నాచ్ పెట్టి ఒక్క దెబ్బ కొట్టే చార్పీ, ఐజాడ్ టెస్టుల్లోనే బయటపడుతుంది. అందుకే మీకు 30 చూసి అంతా బాగానే ఉందనిపించింది.

ఈ జబ్బు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫిరంగులకు వాడిన నికెల్-క్రోమియం స్టీళ్లలో ఇది కనిపిస్తే "క్రుప్ జబ్బు" అని పేరు పెట్టారు. ఇంగ్లండులో సోమర్సెట్ తీరాన హింక్లీ పాయింట్ ఎ అణు విద్యుత్ కేంద్రం నడిచేది. అక్కడ 1969 సెప్టెంబర్ 19న ఓవర్‌స్పీడ్ టెస్టు చేస్తుండగా, నిమిషానికి సుమారు 3200 చుట్ల దగ్గర, లో ప్రెషర్ టర్బైన్ డిస్కు పేలిపోయింది. 3 శాతం క్రోమియం, మాలిబ్డినం ఉన్న స్టీలు. ట్రీట్‌మెంట్‌లో నెమ్మదిగా చల్లార్చడం వల్ల అది పెళుసెక్కి ఉంది. కీవే (డిస్కును షాఫ్టుకు బిగించే గాడి) దగ్గర తుప్పు, ఒత్తిడి కలిసి తెచ్చిన పగులు లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. మంచి టఫ్‌నెస్ (విరగకుండా దెబ్బ తట్టుకునే గుణం) ఉన్న స్టీలైతే అంత చిన్న పగులును ఏళ్ల తరబడి భరించేది. నేను టర్బైన్ విడిభాగాల్లో పనిచేసినన్నాళ్లూ కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడికీ మొదటి రోజు ఈ కథే చెప్పేవాణ్ణి.

ఫోర్జింగ్_బాలానగర్

మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఈఎన్ 24లో మాలిబ్డినం ఉంటుంది కదా, అది వేసేదే ఈ జబ్బు రాకుండా. హైదరాబాదులో మేం ఇరవై ఏళ్లుగా ఎన్నోసార్లు ఫర్నేస్ కూలింగ్ చేశాం, ఒక్కటీ ఇలా విరగలేదు. ఒక రాత్రి మూత వేసి ఉంచినంత మాత్రాన 110 మి.మీ. షాఫ్టు పటికబెల్లం అయిపోతుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంకేదో కలిసి ఉంటుంది.

పాత_కొలిమి

మీ అనుమానం సరైనదే. మాలిబ్డినం ఈ పెళుసుదనాన్ని బాగా ఆలస్యం చేస్తుంది, కానీ పూర్తిగా ఆపలేదు. పైగా అది సరిపడా ఉండాలి. మాలిబ్డినం లేని పాత నికెల్-క్రోమియం స్టీళ్లను టెంపరింగ్ తర్వాత నూనెలోనో నీళ్లలోనో ముంచాల్సిందే. ఈఎన్ 24లో 0.20 నుంచి 0.35 వేసి ఆ భయం తగ్గించారు. ఇక్కడ ఎంతుందో మనకు తెలియదు. 930 హార్డెనింగ్ మీద కూడా నాకు అనుమానం ఉంది. ఈఎన్ 24కు 850 దాటాల్సిన పని లేదు.

పిక్రిక్_చుక్క

నేను జీడిమెట్లలో టెస్టింగ్ ల్యాబులో చేస్తాను. అన్నయ్యా, విరిగిన ముక్క నుంచి రెండంగుళాల బిళ్ల కోసి పంపండి. కోసేటప్పుడు కూలెంట్ ధారగా పడాలి, గ్యాస్ కటింగ్ మాత్రం వద్దు. విరిగిన ముఖాన్ని తుడవకండి, నూనె రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. స్పెక్ట్రోలో (ఏ మూలకం ఎంత శాతమో చెప్పే పరీక్ష) తగరం, అల్యూమినియం కూడా అడిగి చేయించుకోండి. మామూలు రిపోర్టులో అవి రావు, ఈ కేసులో కావాల్సినవి అవే.

బెజవాడ_లేత్

వారం పట్టింది, ఏమనుకోకండి. స్పెక్ట్రో వచ్చింది: కార్బన్ 0.39, సిలికాన్ 0.28, మాంగనీస్ 0.62, నికెల్ 1.38, క్రోమియం 1.12, మాలిబ్డినం 0.16, భాస్వరం 0.031, తగరం 0.019, అల్యూమినియం 0.006. సప్లయర్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో మాలిబ్డినం 0.22 అని ఉంది.

చార్పీ మూడు ముక్కలు కొట్టారు: 13, 15, 14 జౌళ్లు. ఈ కండిషన్‌లో 50 రావాలట. పద్నాలుగు!

జుబైల్_తెలుగు

నేను గల్ఫ్‌లో రిఫైనరీ ఇన్‌స్పెక్షన్‌లో ఉంటాను. మా హైడ్రోక్రాకర్ రియాక్టర్లు రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం స్టీలు. అవి 400 పైన ఏళ్ల తరబడి నడుస్తాయి, అంటే మాస్టారు చెప్పిన పరిధిలోనే కాపురం. అందుకే స్టీలు కొనేటప్పుడే జె-ఫ్యాక్టర్ అని ఒక లెక్క కడతాం. సిలికాన్, మాంగనీస్ శాతాలు కూడండి. భాస్వరం, తగరం శాతాలు కూడండి. రెండిటినీ గుణించి పదివేలతో గుణించండి. అది 100 దాటకూడదని మా దగ్గర షరతు.

బెజవాడ తమ్ముడి స్టీలుకు కట్టి చూశాను: 0.90 ఇంటూ 0.050 ఇంటూ 10000, అంటే 450. ఈ లెక్క మా స్టీలు కోసం పుట్టింది, ఈఎన్ 24కు 100 హద్దు పెట్టలేం, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ మలినాలు ఎంత ఉన్నాయో తెలుస్తుంది.

ఇంకోటి. మేం రియాక్టర్ స్టార్ట్ చేసేటప్పుడు లోహం తగినంత వేడెక్కేదాకా ప్రెజర్ పెంచం, పావు వంతు దగ్గరే ఆపుతాం. పెళుసెక్కిన స్టీలు చల్లగా ఉన్నప్పుడే గాజులా ప్రవర్తిస్తుంది, వేడిగా ఉంటే మళ్లీ సాగుతుంది. ఈ షాఫ్టుకు పెళుసునూ సాగడాన్నీ విడదీసే ఆ వేడి గీత మన గది వేడి కంటే పైకి జరిగిపోయి ఉంటుంది.

పిక్రిక్_చుక్క

జుబైల్ అన్నయ్య మాట చూసి ఈరోజు మిగిలిన రెండు చార్పీ ముక్కల్ని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పట్టకారుతో తీసిన ఐదు సెకన్లలో కొట్టాను. 44, 47 వచ్చాయి! ముఖం కూడా చాలావరకు బూడిదరంగు. అదే షాఫ్టు, అదే హార్డ్‌నెస్, తేడా వేడిలోనే. చెప్పింది చెప్పినట్టు కళ్ల ముందు జరిగితే ఎంత సంతోషంగా ఉంటుందో!

ఇక గ్రెయిన్ సైజు. నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచ్ చేస్తే టెంపర్డ్ మార్టెన్‌సైట్ మాత్రమే కనిపిస్తుంది, పాత ఆస్టెనైట్ అంచులు తెలియవు. సాచురేటెడ్ పిక్రిక్ ఆమ్లంలో నురగ వచ్చే వెట్టింగ్ ఏజెంట్ కొన్ని చుక్కలు వేసి, గోరువెచ్చగా చేసి ముంచాను. భాస్వరం చేరిన అంచుల్ని పిక్రిక్ ముందు తింటుంది. ఈ ముక్కలో నిమిషంన్నరకే అంచులన్నీ నల్లటి గీతల్లా లేచాయి, ఎండిన చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టు. ఏఎస్‌టీఎం గ్రెయిన్ నంబరు 3 (నంబరు తగ్గే కొద్దీ గ్రెయిన్ పెద్దది). చుట్టుపక్కల అక్కడక్కడా 2 కూడా ఉంది.

ల్యాబు పిల్లలెవరైనా చదువుతుంటే ఒక్క మాట: పిక్రిక్ ఆమ్లాన్ని ఎప్పుడూ ఎండనివ్వకండి. పొడిగా మారితే పేలుతుంది. సీసా మూత అంచుల్లో పొడి కనిపిస్తే తిప్పకండి, పెద్దవాళ్లను పిలవండి.

నాలుగో_ఏడు

నంబరు 3 అంటే వంద రెట్ల మాగ్నిఫికేషన్‌లో చదరపు అంగుళానికి 4 గ్రెయిన్లు, నంబరు 8 అయితే 128 కదా. సగటు సైజు 3కి దాదాపు 0.125 మి.మీ., 8కి 0.022. అంటే పెద్ద గ్రెయిన్లున్నప్పుడు మొత్తం అంచు వైశాల్యం ఐదారు రెట్లు తక్కువ. ఉన్న భాస్వరమంతా ఆ కొద్ది అంచులోనే ఇరుక్కోవాలి కాబట్టి అంచులో చిక్కదనం పెరిగి పెళుసవుతుంది, ఇదేనా సార్ కారణం?

పాత_కొలిమి

లెక్క చక్కగా కట్టావు బాబూ. ఆ వివరణ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, నేను కూడా చాలాకాలం అలాగే చెప్పాను. కానీ ఒకసారి అంకెలు వేసి చూడు. అంచు మందం ఒకటి రెండు అణువుల పొర. అందులో ఐదో వంతు భాస్వరంతో నిండినా, సన్న గ్రెయిన్ల స్టీల్లో కూడా 0.03 శాతం భాస్వరంలో చాలా కొద్ది భాగమే ఖర్చవుతుంది. గ్రెయిన్ లోపల మిగిలింది బోలెడు. కాబట్టి అంచులు ఎక్కువైతే అందరికీ చాలక పలచబడుతుందనే మాట ఈ మోతాదులో నిలబడదు. అంచులో ఎంత చేరుతుందనేది ఎక్కువగా వేడి, సమయం, స్టీల్లోని మిగతా మూలకాల మీద ఆధారపడుతుంది.

గ్రెయిన్ సైజు దెబ్బ వేరే చోట ఉంది. పగులు ఒక అంచు వెంట ఎంత దూరం అడ్డు లేకుండా వెళ్లగలదు? పెద్ద గ్రెయిన్‌లో 0.125 మి.మీ. తిన్నగా పోతుంది, చిన్నదాంట్లో 0.022 పోగానే మలుపు తిరగాలి. మలుపు మలుపుకూ శక్తి ఖర్చు. మొదటి అంచు విడిపోగానే పుట్టే పగులు కూడా గ్రెయిన్ అంతే ఉంటుంది. అది పెద్దదైన కొద్దీ తక్కువ ఒత్తిడికే పరుగెత్తుతుంది. స్టీలు బలం గ్రెయిన్ వ్యాసపు వర్గమూలానికి విలోమంగా మారుతుందని 1951లో హాల్, 1953లో పెచ్ చూపించారు కదా. బలాన్నీ టఫ్‌నెస్‌నూ ఒకేసారి పెంచే దారి గ్రెయిన్లను సన్నం చేయడం ఒక్కటే. మిగతా ఏ దారిలో వెళ్లినా ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

ఫోర్జింగ్_బాలానగర్

సరే, నేను ఒప్పుకుంటున్నాను. అల్యూమినియం 0.006 చూశాక నాకు సగం అర్థమైంది. 0.02 నుంచి 0.04 దాకా ఉంటే అల్యూమినియం నైట్రైడ్ కణాలు గ్రెయిన్ అంచుల్ని మేకు కొట్టినట్టు పట్టి ఉంచుతాయి, 930లో కూడా పెద్దగా కదలవు. ఇందులో ఆ మేకులే లేవు. పైగా ఫోర్జింగ్ 1200 పైన జరిగి ఉంటుంది, నార్మలైజింగ్ (వేడి చేసి గాలిలో చల్లార్చి గ్రెయిన్లను సన్నం చేయడం) లేకుండా నేరుగా రఫ్ టర్నింగ్‌కు వెళ్లి ఉంటుంది. తమ్ముడూ, నార్మలైజ్ చేసి ఇచ్చారా?

తగరం సంగతి: స్క్రాప్‌లోంచి వస్తుంది. తగరం పూత రేకులు, పాత ఇంజను భాగాలు. ఒకసారి కరుగులో కలిశాక దాన్ని తీయలేం, ఇనుము కంటే ముందు అది ఆక్సైడ్ కాదు. సిలికా లైనింగ్ ఉన్న ఇండక్షన్ ఫర్నేస్‌లో భాస్వరం కూడా పోదు. స్క్రాప్ ఏరుకోవడం దగ్గరే అయిపోవాలి.

బెజవాడ_లేత్

నార్మలైజింగ్ చేయలేదన్నా. కిలోకు మూడు రూపాయలు మిగులుతాయని నేనే వద్దన్నాను. అది నా నిర్ణయమే.

పాత_కొలిమి

ఇప్పుడు ఏది ఎంత చెరిచిందో విడదీయొచ్చు. టెంపర్ పెళుసుదనం వెనక్కి తిరిగేది: 600 పైకి వేడి చేస్తే అంచుల్లో చేరిన అణువులు మళ్లీ లోపలికి చెదిరిపోతాయి, వెంటనే వేగంగా చల్లారిస్తే అలాగే ఉండిపోతాయి. గ్రెయిన్ సైజు అలా తిరగదు, దానికి మళ్లీ ఆస్టెనైట్ దాకా వెళ్లాలి. విరిగిన షాఫ్టు నుంచి రెండు వరసల ముక్కలు కోయండి. మొదటి వరస: 625లో గంట, తర్వాత నీళ్లలో. రెండో వరస: 880లో వేడి చేసి గాలిలో నార్మలైజింగ్, 845 నుంచి ఆయిల్, 620 టెంపరింగ్, మళ్లీ ఆయిల్.

బెజవాడ_లేత్

చేయించాం. ల్యాబు చెల్లెమ్మ చార్పీ కొట్టి పంపిన అంకెలు:

వచ్చినది వచ్చినట్టు: 13, 15, 14. హార్డ్‌నెస్ 30.
625, నీళ్లు: 38, 41, 40. హార్డ్‌నెస్ 28.
నార్మలైజింగ్ నుంచి మొత్తం మళ్లీ: 66, 70, 63. హార్డ్‌నెస్ 30, గ్రెయిన్ నంబరు 6 నుంచి 7.

మధ్య వరస ముక్కను చేతిలో పట్టుకుని చూస్తే పటికబెల్లం మెరుపు చాలావరకు పోయింది కానీ పలుకులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. మూడో దాంట్లో అస్సలు లేవు, ముఖం దూది పింజెలా ఉంది, పక్క అంచులు బయటికి ఉబ్బాయి.

పాత_కొలిమి

మీరు రాసిన మూడు వరసల్లో మొదటిదానికీ (వచ్చినది వచ్చినట్టు) రెండోదానికీ (625) ఉన్న తేడాలో చాలా భాగం ఆ రాత్రి ఫర్నేస్ మూత వల్ల పోయింది, రెండు పాయింట్లు హార్డ్‌నెస్ తగ్గడం వల్ల కూడా కొంత పెరిగి ఉంటుంది. రెండో దానికీ మూడో దానికీ ఉన్న తేడా గ్రెయిన్‌ది. ఒక్క జాగ్రత్త: చిన్న ముక్క నూనెలో వేగంగా చల్లారుతుంది. 110 మి.మీ. షాఫ్టు మధ్యలో 66 వస్తుందని ఆశపడొద్దు. షాఫ్టు చివర అదనంగా పొడవు వదిలి, ట్రీట్‌మెంట్ తర్వాత ఆ భాగం కోసి చార్పీ తీయండి.

కమాన్_కట్ట

మరి టెంపరింగ్ తర్వాత ఆయిల్‌లో ముంచితే షాఫ్టు వంకర తిరగదా? ప్రెస్సు కింద సరిచేసి మళ్లీ స్ట్రెస్ రిలీవింగ్ 550లో చేస్తారు కదా?

పాత_కొలిమి

చాలామంది పడే గొయ్యి అదే. అంతా సరిగ్గా చేసి, చివర్లో 550లో స్ట్రెస్ రిలీవింగ్ పెట్టి ఫర్నేస్‌లోనే వదిలేస్తే జబ్బు మళ్లీ తెచ్చుకున్నట్టే. ఈ పెళుసుదనం అతి వేగంగా పెరిగేది ఆ వేడి దగ్గరే. టెంపరింగ్ వేడి నుంచి తీయగానే, షాఫ్టు ఇంకా వేడిగా ఉండగా సరిచేసుకుంటే మంచిది. తప్పనిసరిగా స్ట్రెస్ రిలీవింగ్ చేయాల్సి వస్తే 590 దగ్గర పెట్టి, బయటికి తీసి విడివిడిగా పరిచి ఫ్యాను గాలి కొట్టించండి, ఒకదాని మీద ఒకటి కుప్పగా వద్దు. నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) కూడా 500, 520లో గంటల తరబడి సాగుతుంది, అందుకే ఈఎన్ 40బి, ఈఎన్ 41బి లాంటి నైట్రైడింగ్ స్టీళ్లలో మాలిబ్డినం తప్పకుండా ఉంటుంది.

బెజవాడ_లేత్

పదిహేడు షాఫ్టులూ మళ్లీ పంపాను, ఖర్చు నాదే. ఈసారి నేనే వెళ్లి దగ్గరుండి చూశాను. నార్మలైజింగ్ 880, హార్డెనింగ్ 845, టెంపరింగ్ 620. నిలువుగా వేలాడదీసి ఆయిల్‌లో దించారు, ఎక్కువ వంకర ఒకదానికి ఒకటింబావు మిల్లీమీటరు. ఒక షాఫ్టు చివర వదిలిన ముక్కకు చార్పీ 52, 55, 51. మాలిబ్డినం తక్కువున్న స్టీలు కాబట్టి ఇంతకంటే ఆశించను మాస్టారూ. పార్టీకి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పి రిపోర్టు చేతిలో పెట్టాను, తీసుకుంటానన్నాడు. వంకర ఉన్నదాన్ని నిన్న అదే ప్రెస్సు కింద పెట్టాం. పనివాళ్లందర్నీ దూరంగా నిలబెట్టి నేనే లివర్ పట్టుకున్నాను. మెల్లగా వంగింది, తిన్నగా వచ్చింది.

ఫోర్జింగ్_బాలానగర్

తమ్ముడూ, ఈసారి ఫోర్జింగులకు ఆర్డర్ ఇచ్చేటప్పుడు మాలిబ్డినం 0.25 తగ్గకూడదనీ, అల్యూమినియం 0.02 పైన, భాస్వరం 0.020 లోపు ఉండాలనీ రాతలో పెట్టు. మేం కూడా మా కొటేషన్లలో నార్మలైజింగ్‌ను విడిగా చూపించడం మానేసి ధరలోనే కలిపేశాం. విడిగా చూపిస్తే అందరూ కొట్టేసే మొదటి లైను అదే.